అడిగే అధికారం, జవాబు చెప్పే హక్కు

(మా రేడియో పరిచర్యలో ప్రసారమైన కుటుంబ వర్తమానం ఇది. వినలేకపోయిన వారి కోసం ప్రసంగ పాఠాన్ని ఇక్కడ ముద్రిస్తున్నాం.)

వాక్యభాగం: ఎఫెసీయులకు 6:1-4, లూకా 2:41-52

 

ఈ వారం మాకు వచ్చిన ఉత్తరాలలో రెండు నన్ను నిద్రపోనివ్వలేదు. మొదటిది ఒక తండ్రి రాసినది. ఆయన వ్యవసాయం చేసుకునే విశ్వాసి. కుమారుడు పదో తరగతి. చెప్పిన మాట వినలేదని చెయ్యి ఎత్తితే, ఆ అబ్బాయి ఆ చెయ్యి పట్టుకుని, "పిల్లల్ని కొట్టకూడదని చట్టం ఉంది, మా సారు చెప్పారు" అన్నాడట. ఆ తండ్రి అడుగుతున్నాడు: "అయ్యగారూ, బైబిలేమో బెత్తం వాడమంది. బడిలోనేమో హక్కులు నేర్పుతున్నారు. ఇంతకీ ఇంటికి యజమాని ఎవరు? నేనా, ప్రభుత్వమా?"

రెండవది ఒక అమ్మాయి రాసిన కార్డు. ఊరి పేరు లేదు, తన పేరు లేదు. ఇంటర్ చదువుతున్నానని మాత్రం రాసింది. "మా నాన్నగారు సంఘ పెద్ద. ఎఫెసీ పత్రిక ఆరవ అధ్యాయంలో మొదటి మూడు వచనాలు మా చేత చిన్నప్పుడే కంఠతా పట్టించారు. నాలుగో వచనం ఆయనకు ఎవరు కంఠతా పట్టిస్తారు?" అంతే. నాలుగే వాక్యాలు.

ప్రియులారా, ఈ ఇద్దరూ ఒకే ఇంటివారు కారు. అయినా ఒకరి ఉత్తరం ఇంకొకరికి చూపించాలనిపించింది నాకు. ఈ రోజు ఆ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, మధ్యలో దేవుని వాక్యాన్ని పెట్టి మాట్లాడదాం.

మొదట ఆ తండ్రి భయం సంగతి చూద్దాం. పిల్లల హక్కులు అనే మాట వినగానే చాలామంది విశ్వాసులకు, ఇదేదో మన ఇళ్లను పాడుచేయడానికి లోకం తెచ్చిన మాట అనిపిస్తుంది. సంగతి తెలుసుకుందాం. 1989లో ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. 1992లో మన భారతదేశం అందులో చేరింది. ఆ ఒడంబడిక తల్లిదండ్రులను పక్కకు నెట్టలేదు. బిడ్డ పెరగడానికి కుటుంబమే తగిన చోటు అని మొదట్లోనే ఒప్పుకుంది. బిడ్డ వయస్సుకు, తెలివికి తగినట్టు నడిపించే బాధ్యత, హక్కు తల్లిదండ్రులకున్నాయని 5వ అధికరణం చెబుతుంది. పెంపకం తల్లికీ తండ్రికీ ఉమ్మడి బాధ్యత అని 18వ అధికరణం చెబుతుంది. అయితే 12వ అధికరణంలో ఇంకొక మాట ఉంది. తనకు సంబంధించిన విషయాల్లో బిడ్డ తన అభిప్రాయం చెప్పుకోవచ్చు, దానిని వయస్సును బట్టి లెక్కలోకి తీసుకోవాలి అని. గమనించండి, బిడ్డ చెప్పినట్టే జరగాలని అనలేదు. బిడ్డ చెప్పేది వినాలని మాత్రమే అన్నది.

ఇక మన చట్టాలు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరేళ్ల నుండి పద్నాలుగేళ్ల వరకు చదువును బిడ్డకు హక్కుగా చేసింది. బడిలో కొట్టడాన్ని, మనసు నొప్పించి వేధించడాన్ని నిషేధించింది. ఆ సారు చెప్పింది ఈ చట్టమే కావచ్చు. ఇంట్లో కూడా బిడ్డను కొట్టకూడదని సూటిగా చట్టం చేసిన మొదటి దేశం స్వీడను, 1979లో. మన దేశంలో ఇంటి విషయంలో అంత సూటి నిషేధం లేకపోయినా, తన సంరక్షణలో ఉన్న బిడ్డ పట్ల క్రూరంగా ప్రవర్తించేవారిని శిక్షించే సెక్షను 2015 నాటి బాలల న్యాయ చట్టంలో ఉంది. తండ్రి అయినంత మాత్రాన ఆ చట్టానికి బయట ఉన్నట్టు కాదు.

ఇది చట్టం మాట. వాక్యం ఏమంటుందో చూద్దాం.

అపొస్తలుడైన పౌలు ఎఫెసులోని సంఘానికి ఈ పత్రిక రాసిన రోజులు ఎలాంటివో ఆలోచించండి. అది రోమా సామ్రాజ్యం. రోమా చట్టం ప్రకారం ఇంటి తండ్రికి తన బిడ్డల మీద చావు బ్రతుకుల అధికారం ఉండేది. కుమారుడు పెద్దవాడై పెళ్లి చేసుకుని పిల్లలను కన్నా, తండ్రి బ్రతికి ఉన్నంత కాలం ఆ అధికారం కిందే ఉండేవాడు. పుట్టిన బిడ్డను పెంచాలో, బయట పారవేయాలో తండ్రే నిర్ణయించేవాడు.

ఈజిప్టు దేశంలో ఆక్సిరింకస్ అనే పురాతన పట్టణపు చెత్తదిబ్బల్లో తవ్వినప్పుడు వేలకొలది పాత కాగితాలు దొరికాయి. వాటిలో క్రీస్తుపూర్వం 1వ సంవత్సరం నాటి ఒక ఉత్తరం ఉంది. హిలారియోన్ అనే కూలివాడు అలెగ్జాండ్రియా నుండి ఇంటి దగ్గర గర్భవతిగా ఉన్న ఆలిస్‌కు రాసినది. నేను నిన్ను మరచిపోతానా, దిగులు పడకు, జీతం అందగానే పంపిస్తాను అని ప్రేమగా రాశాడు. అదే ఉత్తరంలో, కాన్పులో మగబిడ్డ అయితే ఉంచు, ఆడబిడ్డ అయితే పారవెయ్యి అని కూడా రాశాడు. ప్రియులారా, ఈ మనిషి రాక్షసుడు కాదు. కుటుంబం కోసం దూరదేశంలో కష్టపడుతున్నవాడు. అయినా ఆ బిడ్డ తన సొత్తు అనుకున్నాడు. సొత్తు అయితే ఉంచుకోవచ్చు, పారవేయవచ్చు.

అలాంటి లోకంలో సంఘం కూడుకున్న ఒక ఇంట్లో పౌలు పత్రిక చదువుతున్నారు. తండ్రులు వింటున్నారు, తల్లులు వింటున్నారు, పిల్లలు కూడా వింటున్నారు. పౌలు మొదట పిల్లలనే పిలిచి మాట్లాడాడు. మీ అమ్మానాన్నలకు ప్రభువునందు లోబడండి అన్నాడు. తండ్రుల ద్వారా కబురు పంపలేదు. బిడ్డను మనిషిగా ఎంచి నేరుగా పలకరించాడు. ఆ తరువాత తండ్రుల వైపు తిరిగాడు. బిడ్డలకు కోపం పుట్టించవద్దన్నాడు. చావు బ్రతుకుల అధికారం ఉన్న తండ్రితో, నీ బిడ్డ మనసు నొప్పించడానికి నీకు అధికారం లేదు అన్నట్టే గదా! కొలొస్సయులకు రాసినప్పుడైతే కారణం కూడా చెప్పాడు. అలా చేస్తే బిడ్డలు గుండె చెడిపోతారు, ఇక ప్రయత్నించడమే మానేస్తారు అని.

నాలుగవ వచనంలో మన తెలుగు బైబిలులో "శిక్ష" అనే మాట ఉంది. ఆ మాట చూసి చాలామంది తండ్రులు బెల్టు వైపు చూస్తారు. కాని శిక్ష అంటే మొదట ఉన్న అర్థం నేర్పడం. శిక్షణ అనే మాట అందులో నుండి వచ్చిందే. పౌలు వాడిన గ్రీకు మాట "పైదెయా". బిడ్డ అనే మాటలో నుండి పుట్టింది అది. బిడ్డను తీర్చిదిద్దే పెంపకమంతా ఆ మాటలో ఉంది. తప్పు చేసినప్పుడు దిద్దడం అందులో ఒక భాగం మాత్రమే. మనం ఆ మాటలో ఒక్క భాగాన్ని పట్టుకుని మిగిలినదంతా వదిలేశాం.

మరి ధర్మశాస్త్రం కఠినం గదా, తిరగబడే కుమారుణ్ణి రాళ్లతో కొట్టమంది గదా అని మీరడగవచ్చు. ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయం మళ్లీ జాగ్రత్తగా చదవండి. అక్కడ తండ్రి ఒక్కడే కోపంతో ఏమీ చేయడానికి వీలులేదు. తల్లి, తండ్రి ఇద్దరూ కలిసి రావాలి. ఊరి గవినియొద్ద పెద్దల ముందు నిలబడి సంగతి చెప్పాలి. అంటే ఇంట్లో నాలుగు గోడల మధ్య తీర్పు తీర్చే అధికారాన్ని దేవుడు తండ్రి చేతిలో పెట్టలేదు. అంతే కాదు, దానికి ముందే 15 నుండి 17 వచనాలలో ఇంకొక సంగతి ఉంది. ఇద్దరు భార్యలున్న వాడికి, తనకు ఇష్టం లేని భార్యకు పుట్టినవాడే పెద్దవాడైతే, ఇష్టమైన భార్య కొడుకుకు జ్యేష్ఠత్వం కట్టబెట్టకూడదు. పెద్దవాడి రెండు పాళ్లు పెద్దవాడికి ఇవ్వవలసిందే. ప్రియులారా, అది బిడ్డ హక్కు కాక మరేమిటి? తండ్రి ఇష్టాయిష్టాల మీద ఆధారపడని హక్కు, దేవుడే రాయించిన హక్కు అది. 1989 కంటే ఎన్నో వందల ఏళ్ల ముందటిది.

గనుక ఆ సోదరునికి నా మొదటి జవాబు ఇది. ఇంటికి యజమాని నీవూ కాదు, ప్రభుత్వమూ కాదు. దేవుడు యజమాని. బిడ్డలు ఆయన ఇచ్చిన స్వాస్థ్యమని 127వ కీర్తన చెబుతుంది. ఇచ్చినవాడు లెక్క అడుగుతాడు. నీది నిజమైన అధికారమే, అయితే అది అప్పగించబడిన అధికారం. గృహనిర్వాహకునికి తాళపు చెవులు ఉంటాయి గాని, ఇల్లు అతనిది కాదు.

అలాగని అధికారమే వద్దంటున్నానా? ఎంతమాత్రం కాదు. అధికారం వాడకపోవడం కూడా పాపమే. ఏలీ సంగతి తెలుసు గదా. కుమారులు చేస్తున్న చెడుతనం తెలిసి మాటతో మందలించాడు గాని అడ్డుకోలేదు. దేవుడు ఆ ఇంటిని లెక్క అడిగాడు. మొక్కై వంగనిది మానై వంగదని మన పెద్దలు ఊరికే అనలేదు.

దావీదు రాజు ఇంట్లో ఇంకా విచారకరమైన సంగతి ఒకటి ఉంది. 1 రాజులు 1:6 చూడండి. అదోనీయా తానే రాజునని రథాలు సిద్ధం చేసుకుంటున్నాడు. ఆ సందర్భంలో లేఖనం దావీదును గురించి ఒక మాట అంటుంది. నీవు ఎందుకిలా చేశావు అని ఆ కొడుకును ఎన్నడూ అడిగి అతనిని నొప్పించలేదట. గొల్యాతును ఎదుర్కొన్నవాడు కన్నకొడుకును ఒక్క ప్రశ్న అడగలేకపోయాడు! చివరికి ఆ కుమారుడు ఏమయ్యాడో మీకు తెలుసు.

ఇప్పుడు లూకా సువార్త రెండవ అధ్యాయానికి రండి. యేసుకు పన్నెండేళ్లు. పస్కా పండుగ అయ్యాక యెరూషలేములోనే ఉండిపోయాడు. తల్లి, యోసేపు మూడు రోజుల తరువాత దేవాలయంలో కనుగొన్నారు. ఆ మూడు రోజులు ఆ తల్లి కడుపులో ఎంత మంట! మన ఇళ్లలో అయితే దొరికిన క్షణంలోనే ముందు చెంప చెళ్లుమంటుంది. మరియ ఏం చేసింది? అడిగింది. మా పట్ల ఎందుకిలా చేశావు, మేము ఎంత దుఃఖంతో వెదికామో తెలుసా అని అడిగింది. దావీదు ఎన్నడూ అడగని ప్రశ్నే ఇది! ఆమె తన బాధ దాచలేదు, తన అధికారాన్ని వదులుకోలేదు. అడిగి, జవాబు చెప్పనిచ్చింది. ఆ బాలుడు జవాబు చెప్పాడు. ఆ జవాబు వాళ్లకు అర్థం కాలేదని లూకా దాచకుండా రాశాడు. అర్థం కాకపోయినా నోరు మూయించలేదు. తల్లి ఆ మాటలన్నీ హృదయంలో భద్రం చేసుకుంది. మరి ఆ బాలుడు? లోకాలను చేసినవాడు నజరేతుకు వెళ్లి ఆ వడ్రంగి ఇంట్లో వారికి లోబడి ఉన్నాడు.

ప్రియులారా, ఈ రోజు వర్తమానమంతా ఇందులోనే ఉంది. ఎందుకిలా చేశావు అని అడిగే అధికారం తల్లిదండ్రులది. జవాబు చెప్పుకునే హక్కు బిడ్డది. అడగని ఇల్లు దావీదు ఇల్లు అవుతుంది. జవాబు చెప్పనివ్వని ఇల్లు జైలు అవుతుంది.

దేవుడు కూడా అలాగే చేశాడు గదా. ఏదెను తోటలో ఆదామును తోలివేయక ముందు, ఎక్కడున్నావని, తిన్నావా అని అడిగాడు. తమ్ముణ్ణి చంపిన కయీనును కూడా అడిగాడు. సొదొమ మీద అగ్ని కురిపించక ముందు, నేను దిగి వెళ్లి, నాకు వినవచ్చిన మొర నిజమో కాదో చూస్తానన్నాడు. అన్నీ తెలిసిన దేవుడు విచారించి తీర్పు తీర్చాడు. ఏమీ తెలియని మనం విచారించకుండానే చెయ్యి ఎత్తుతాం. మనిషి మాట వినకుండా మన ధర్మశాస్త్రం తీర్పు తీర్చుతుందా అని నీకొదేము సభలో అడిగాడు. ఆ ప్రశ్న మన ఇంటి గుమ్మం మీద రాసి పెట్టుకోవలసిన ప్రశ్న.

ఇది నేను పుస్తకాలు చదివి నేర్చుకోలేదు. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెబుతాను.

మేము ఒక పల్లెలో పరిచర్య చేస్తున్న రోజులు. మా పెద్దవాడికి పదకొండేళ్లు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, సంఘ పెద్ద ఒకాయన కానుకలు లెక్కపెట్టి పుస్తకంలో ఆరువందల నలభై అని రాసి, గుడ్డలో మూట కట్టి నా చేతికిచ్చారు. ఇంటికి తెచ్చి బీరువాలో పెట్టాను. మరునాడు లెక్కపెడితే అయిదువందల నలభై ఉంది. వంద తక్కువ. అంతలో మావాడు బయట నుండి వచ్చాడు. చేతిలో కొత్త బ్యాటు.

ఇక నాకు వేరే సాక్ష్యం అక్కరలేకపోయింది. సేవకుని కుమారుడు కానుకల డబ్బు దొంగిలించాడు! రేపు సంఘం ముందు నా ముఖం ఎలా చూపించను? బెల్టు తీశాను. "తీశానని చెప్పు, ఒప్పుకో" అంటూ కొట్టాను. "నేను కాదు నాన్నా" అని వాడు అన్న ప్రతిసారి, దొంగతనానికి తోడు అబద్ధం కూడానా అని ఇంకొక దెబ్బ వేశాను. నా భార్య అడ్డం వచ్చింది. ఆమె చేతి మీద కూడా పడింది. ఆ రాత్రి నేను సామెతలు 13:24 చెప్పి మరీ పడుకున్నాను.

బుధవారం గృహకూడికలో ఆ పెద్ద నన్ను పక్కకు పిలిచారు. "అయ్యగారూ, మరిచాను. ఆదివారం మైకు సెట్టు అతనికి ఆ మూటలోనుంచే వంద ఇచ్చాను. పుస్తకంలో రాయలేదు" అన్నారు.

ఆ బ్యాటు సంగతి తరువాత తెలిసింది. వీధి చివర వడ్రంగి దగ్గర మావాడు నాలుగు రోజులు చెత్త ఎత్తిపోసి, మిగిలిన చెక్కతో చేయించుకున్నాడట. నేను ఆ బ్యాటును ఒక్కసారి చేతిలోకి తీసుకుని చూసి ఉంటే చాలు, అది కొట్టులో కొన్నది కాదని తెలిసేది.

ప్రియులారా, వెంటనే క్షమాపణ అడిగానా? లేదు. తండ్రి కొడుకును క్షమించమని అడిగితే ఇక భయం ఉంటుందా అనుకున్నాను. దానికి బదులు పట్నం వెళ్లి మంచి బ్యాటు ఒకటి కొని తెచ్చాను. వాడు తీసుకున్నాడు. తలుపు మూల నిలబెట్టాడు. ఒక్కనాడు కూడా దానితో ఆడలేదు. అలా నాలుగు నెలలు గడిచాయి. అడిగిన దానికి సమాధానం చెప్పేవాడు, చెప్పిన పని చేసేవాడు. విధేయతకు ఏమీ లోటు లేదు. కాని ఇంట్లో నవ్వు లేదు. ఒక రాత్రి నా భార్య, "వాడికి కావలసింది బ్యాటు కాదండీ" అన్నది.

మరుసటి రోజు కుటుంబ ప్రార్థనలో వాడి ముందు కూర్చుని, "నేను తప్పు చేశాను, నన్ను క్షమించు" అన్నాను. వాడు ఏడవలేదు. చాలాసేపు చాప వైపు చూసి ఒక్క మాట అన్నాడు. "నాన్నా, తీశానని చెప్పమన్నారు గాని, తీశావా అని మీరు అడగలేదు."

ఆ మాట నాకు ఏ వేదాంత కళాశాల నేర్పని పాఠం. ఆ రాత్రి నా అధికారం పోతుందనుకున్నాను. పోలేదు. అంతవరకు నాకు భయపడి మాట విన్నవాడు, ఆ తరువాత నన్ను నమ్మి మాట విన్నాడు. ఇప్పుడు వాడికి పిల్లలున్నారు. ఈ సంగతి రేడియోలో చెప్పనా అని అడిగితే, "చెప్పండి నాన్నా" అన్నాడు. అయితే ఇంకొక నిజం కూడా చెప్పాలి. ఇప్పటికీ నేను గదిలో బెల్టు తీస్తున్న చప్పుడైతే, ఇంత పెద్దవాడూ తల తిప్పి చూస్తాడు. క్షమాపణ దొరికింది. మచ్చ ఉండిపోయింది.

తల్లిదండ్రులారా, బెత్తం సంగతి అడుగుతారు. దావీదు తన కీర్తనలో కాపరి దండము తనకు ఆదరణ అన్నాడు. ఏ గొర్రె అయినా తనను రోజూ కొట్టే కర్రను చూసి ఆదరణ పొందుతుందా? కాపరి కర్ర తోడేలును కొట్టడానికి, దారి తప్పిన దానిని మళ్లించడానికి. సామెతల గ్రంథంలోని ఆ మాటల భారం ఎక్కడుందో చూడండి. బిడ్డను దిద్దకుండా వదిలేసే తండ్రికి బిడ్డ మీద ప్రేమ లేదు అన్నది ఆ బోధ. కోపం తీర్చుకోమని ఏ లేఖనమూ చెప్పలేదు. కోపంలో సౌలు కన్నకొడుకైన యోనాతాను మీద ఈటె విసిరాడు. అది శిక్షణ అని ఎవరైనా అంటారా? దిద్దడానికి దెబ్బ ఒక్కటే దారి కాదు. ఆట మాన్పించవచ్చు, పాడుచేసిన దానిని బాగుచేయించవచ్చు, క్షమాపణ చెప్పించవచ్చు. చెయ్యి ఎత్తవలసి వచ్చిందని మీకు అనిపించిన ప్రతిసారీ, ముందు ఆ చేతిని ముడిచి మోకాళ్ల మీదికి రండి. లేచేసరికి ఆ చెయ్యి ఎత్తవలసిన అవసరం తగ్గిపోతుంది.

ఇంట్లో బిడ్డకు ఉన్న హక్కులు కొన్ని చెబుతాను. రాసుకోండి.

మొదటిది, తన మాట వినబడే హక్కు. ఇంతవరకు అదే చెప్పాను.

రెండవది, నలుగురిలో అవమానం పొందకుండా ఉండే హక్కు. పక్కింటి బిడ్డతో పోల్చడం, బంధువుల ముందు మార్కులు చదివి వినిపించడం, సంఘంలో నిలబెట్టి మావాడి కోసం ప్రార్థించండి, మాట వినడు అని చెప్పడం, ఇవన్నీ కోపం పుట్టించడమే. 2019లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజుల్లో ఎందరో బిడ్డలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాల్లో తప్పులు దొర్లిన సంగతి కూడా బయటపడింది. తండ్రులారా, ఒక కాగితం మీది అంకె తప్పు కావచ్చు. మీ బిడ్డ మీకు దేవుడిచ్చిన బహుమానమన్నది తప్పు కాదు. ఫలితాలు వచ్చే రోజు ఉదయమే ఆ మాట బిడ్డతో చెప్పండి.

మూడవది, చదువుకునే హక్కు, తగిన వయస్సు వచ్చేవరకు పెళ్లి భారం లేకుండా ఉండే హక్కు. పత్తి ఏరడానికి, మిరపకాయ కోతకు, తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి మొదట బడి మానేది మన ఆడబిడ్డే. 2016లో సవరించిన చట్టం ప్రకారం పద్నాలుగేళ్లలోపు బిడ్డ ఇంటి పనిలో సాయం చేస్తే చేయవచ్చు గాని, బడి వేళ తరువాత, చదువు చెడకుండా. 2006 నాటి చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండక ముందు అమ్మాయికి, ఇరవై ఒకటి నిండక ముందు అబ్బాయికి పెళ్లి చేయడం నేరం. మంచి సంబంధం వచ్చిందని సేవకుణ్ణి తొందరపెట్టకండి. బిడ్డలు తల్లిదండ్రుల కోసం కాదు, తల్లిదండ్రులే బిడ్డల కోసం కూర్చిపెట్టాలని పౌలు కొరింథీయులకు రాసిన రెండవ పత్రికలో చెప్పాడు.

నాలుగవది, తన దేహానికి భద్రత. ఇది గట్టిగా చెబుతున్నాను. బంధువు గాని, పొరుగువాడు గాని, చివరికి సంఘంలోని వాడు గాని తనతో తప్పుగా ప్రవర్తించాడని బిడ్డ చెబితే, నోరు మూసుకో, పరువు పోతుంది అనకండి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసి చెప్పకపోవడం కూడా నేరమే. ఒక చిన్నబిడ్డకు ఆటంకం కలిగించేవాడికి మెడకు తిరుగటిరాయి కట్టి సముద్రంలో ముంచడమే మేలని ప్రభువు అన్నాడు. అలాంటివాణ్ణి కాపాడితే సంఘం పరువు నిలబడుతుందా?

ఇప్పుడు పిల్లలారా, యౌవనస్థులారా, మీతో. హక్కు ఉందని చెప్పాను గదా అని, అమ్మ వంటింట్లో నుండి పిలిస్తే ఫోనులో నుండి తల ఎత్తకపోవడం హక్కు కాదు. అడిగిందల్లా కొనిపెట్టించుకోవడం హక్కు కాదు. మీ నాన్న చొక్కా చిరుగును చూశారా ఎప్పుడైనా? మీకు జవాబు చెప్పే హక్కు ఉంది. జవాబు చెప్పడం వేరు, ఎదురు తిరగడం వేరు. దేవాలయంలో యేసు జవాబు చెప్పాడు, ఆ తరువాత అమ్మ వెంట ఇంటికి నడిచాడు. రెండూ చేయండి. అయితే ప్రభువునందు లోబడండి అని పౌలు అన్నాడు గనుక, పాపం చేయమంటే లోబడవలసిన పని లేదు. ఇంట్లో మీకు హాని జరుగుతూ ఉంటే, అది విధేయత అనుకుని మౌనంగా భరించకండి. మీరు నమ్మిన ఒక పెద్దవారికి చెప్పండి. 1098 అనే నంబరుకు ఫోను చేయండి. డబ్బు అక్కరలేదు. సహాయం అడిగితే మీ అమ్మానాన్నలను అగౌరవపరచినట్టు కాదు.

ఉత్తరం రాసిన సోదరుడా, మీ కుమారుడు మీ చెయ్యి పట్టుకున్నాడని మీకు కష్టంగా ఉంది. నిజమే. ఈ రాత్రి మీరే అతని చెయ్యి పట్టుకోండి. ఎందుకలా చేశావు నాయనా అని అడగండి. అడిగి ఆగండి. జవాబు మీకు నచ్చకపోవచ్చు, అర్థం కాకపోవచ్చు. మరియకూ అర్థం కాలేదు. చివరి వరకు వినండి. ఆ తరువాత తండ్రిగా మీరు చెప్పవలసింది చెప్పండి. అప్పుడతను వింటాడు.

కార్డు రాసిన అమ్మా, నీ పేరు మాకు తెలియదు, దేవునికి తెలుసు. ఆ నాలుగో వచనం ఈ రోజు రేడియోలో చదివాను. మీ నాన్నగారు ఈ కార్యక్రమం వింటూ ఉంటే, అయ్యా, ఆ కార్డు రాసింది మీ బిడ్డే కావచ్చు. కాదేమో కూడా. అయినా ఇంటికి వెళ్లి అడగండి.

ప్రార్థన చేసికొందాము.

పరలోకమందున్న మా తండ్రీ, నీవు మమ్మును బిడ్డలని పిలిచినందుకు స్తోత్రము. మేము తప్పిపోయినప్పుడు ముందుగా ఎక్కడున్నావని అడిగిన దేవుడవు నీవు. నీవు మాకు అప్పగించిన బిడ్డలను మా సొత్తుగా ఎంచిన పాపమును క్షమించుము. కోపముతో మేము ఎత్తిన చేతులను కడుగుము. అడుగుటకు ధైర్యమును, వినుటకు ఓర్పును, తప్పు ఒప్పుకొనుటకు తగ్గింపును ప్రతి తండ్రికి, ప్రతి తల్లికి దయచేయుము. భయపడుచున్న ప్రతి బిడ్డకు నీవే ఆశ్రయమై ఉండుము. విరిగిన ఇండ్లలో నవ్వును తిరిగి కలుగజేయుము. నజరేతు ఇంటిలో లోబడి పెరిగిన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.

శ్రోతలారా, మీ ఇంటి సంగతులు, ప్రార్థన అవసరతలు మాకు రాయండి. పిల్లలు కూడా రాయవచ్చు, మీ ఉత్తరాలు కూడా చదువుతాం. మరల కలుసుకునే వరకు దేవుని కృప మీ ఇంట పెద్దలకును పిన్నలకును తోడై ఉండును గాక.